షిప్ ఆగేది తొమ్మిది గంటలు, బోరోబుదూర్ రెండున్నర గంటల దూరం. సొంతంగా బండి మాట్లాడుకోవచ్చా?

గోదారిగట్టు
వచ్చే నెల సింగపూర్‌లో క్రూజ్ ఎక్కుతున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, పదకొండేళ్ల పాప. ఒకరోజు ఇండోనేషియాలోని జావా దీవిలో సెమరాంగ్ రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి బోరోబుదూర్ అనే పాత బౌద్ధ గుడి చూపిస్తామని షిప్ వాళ్లు తలకి 160 డాలర్లు అడుగుతున్నారు. ఐదుగురికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి, నేను వేసుకుని ఆపేశాను. ఆన్‌లైన్‌లో వెతికితే అక్కడి ఆయనొకడు వ్యాను, డ్రైవరు, ఇంగ్లీషు మాట్లాడే గైడు మొత్తం కలిపి 130 డాలర్లకి వస్తానన్నాడు. తలకి కాదు, అందరికీ.

పొద్దున 8కి షిప్ ఆగుతుంది, సాయంత్రం 5 కల్లా అందరూ ఎక్కేయాలి. వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర, అంటే గుడి దగ్గర నాలుగు గంటలు మిగులుతాయి. నా లెక్క కరెక్టేనా? నాన్న హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యారు, ముప్ఫయ్యేళ్లు పిల్లలకి పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పిన చోటు ఇది, అందుకే హడావిడిగా తిప్పి తీసుకురావడం ఇష్టం లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఆవిడది ఒకటే టెన్షన్, "మనం రాకముందే షిప్ వెళ్లిపోతే?"

బెజవాడ బుల్లెట్
వెళ్లిపోతే ఏముంది, బాలీ దాకా ఈదడమే. పాపకి ఈత వచ్చా?

లంగరు
లెక్క తప్పు. పదకొండేళ్లు షిప్పుల్లో పనిచేసి దిగినవాణ్ణి కాబట్టి కాస్త గట్టిగానే చెప్తున్నా, ఏమనుకోకు.

8కి షిప్ రేవుకి చేరడం వేరు, నువ్వు గేటు బయట బండెక్కడం వేరు. లోకల్ అధికారులు క్లియరెన్స్ ఇవ్వాలి, ఆ తర్వాత ముందు దింపేది షిప్ టూరు వాళ్లనే. మీలాంటి వాళ్లు గేటు దాటేసరికి 9. రేవుకి తిరిగొచ్చేటప్పుడు గంట చేతిలో ఉంచుకోవాలి, అంటే 5 కాదు 4 అనుకో. 9 నుంచి 4 ఏడు గంటలు. అందులో ఐదు గంటలు రోడ్డు మీదే. మిగిలింది రెండు.

అసలు గొడవ ఇది కాదు. సింగపూర్ టైము జావా టైము కంటే గంట ముందు. చాలా షిప్పులు సింగపూర్ టైము మార్చకుండా అలాగే నడిపేస్తాయి. నువ్వు ఒడ్డున దిగగానే నీ ఫోను తనంతట తనే జావా టైముకి మారిపోతుంది. ఫోనులో 5 చూసి "సరిగ్గా వచ్చాం" అనుకుంటావు, అప్పటికి షిప్‌లో 6. పాత పద్ధతిలో చేతికి వాచీ పెట్టుకో, దాన్ని షిప్ టైముకి పెట్టి ముట్టుకోకు. ఆ డ్రైవరుతో మాట్లాడేటప్పుడు కూడా "4 గంటలు" అనకు, "మీ టైము 3 గంటలు" అను.

గోదారిగట్టు
అమ్మో. టైము సంగతి నాకసలు తట్టనే లేదు. వ్యాను ఆయనకి "సాయంత్రం 4 కల్లా పోర్టు" అని మెసేజ్ పెట్టేశాను, ఆయన ఓకే అన్నాడు. ఆయన 4 ఆయనది, నా 4 నాది.

పెసరట్టు
లంగరు అన్న చెప్పింది అక్షరాలా నిజం. మాది జావా కాదు, థాయ్‌లాండ్. లేమ్ చబాంగ్ రేవులో దిగి వాళ్ల పాత రాజధాని అయుత్తయ వెళ్లాం, సొంత బండిలోనే. చెట్టు వేళ్ల మధ్యలో బుద్ధుడి తల ఒకటి ఇరుక్కుని ఉంటుంది చూశారా, వాట్ మహాథాత్ గుడిలో, అది చూడాలనే వెళ్లాం. వెళ్లేటప్పుడు డ్రైవరు "అయిదు నిమిషాలు సార్" అని రత్నాల షాపు ముందు ఆపాడు. అయిదు నిమిషాలు నలభై అయ్యాయి, మా అత్తగారు నీలం ఉంగరం బేరమాడుతూ కూర్చున్నారు. కొనలేదు కూడా. తల దగ్గర ఫోటోకి మోకాళ్ల మీద కూర్చోవాలి, నిలబడితే బుద్ధుడి తల కంటే మన తల పైకి ఉంటుందని అక్కడి కాపలావాళ్లు ఊరుకోరు. మేము కూర్చున్నది మొత్తం రెండు నిమిషాలు. తిరిగి వచ్చేసరికి షిప్ ఎక్కే గ్యాంగ్‌వే వంతెన తీయడానికి తాళ్లు విప్పుతున్నారు. పరిగెత్తాం. అత్తగారితో సహా.

బెజవాడ బుల్లెట్
అత్తగారు పరిగెత్తిన వీడియో ఉందా?

పెసరట్టు
ఉంటే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు గురూ.

పెన్షనర్
ఇన్ని లెక్కలెందుకు? షిప్ వాళ్ల టూరే తీసుకోండి. వాళ్ల బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, మీ వ్యాను ఆలస్యమైతే ఆగదు. ఆ తేడాకే ఆ డబ్బు. పెద్దవాళ్లని పెట్టుకుని పరాయి దేశంలో పొదుపు చేయకూడదు.

సింగపూర్ పిన్ని
పెన్షనర్ గారూ, మేము షిప్ టూరులోనే వెళ్లాం, బోరోబుదూరే. ఏం జరిగిందో వినండి. పన్నెండు బస్సులు, ముందు పోలీసు జీపు, సైరను. రోడ్డు మీద స్కూటర్లన్నీ పక్కకి తప్పుకుంటుంటే మేమేదో మంత్రిగారి వియ్యంకుల్లా కూర్చున్నాం. అంతవరకు బాగుంది, తొందరగానే చేరాం. ముందు భోజనం అన్నారు. అయిదు వందల మందికి బఫే, గంటంపావు పోయింది. తర్వాత గుడి దగ్గరికి తీసుకెళ్లి కింద పచ్చికలో నిలబెట్టి "ఇదే బోరోబుదూర్" అన్నారు. పైకి ఎక్కే టిక్కెట్టు మా టూరులో లేదు! బ్రోచర్‌లో చూస్తే చిన్న అక్షరాల్లో ఉంది. నలభై నిమిషాలు కింద నుంచి ఫోటోలు తీసుకుని వచ్చేశాం. షిప్ ఆగుతుందన్న ధీమా ఒక్కటే మిగిలింది.

పెన్షనర్
అది ఆ కంపెనీ తప్పు, పద్ధతి తప్పు కాదు.

సింగపూర్ పిన్ని
పద్ధతి తప్పని నేననలేదు, చిన్న అక్షరాలు చదవమంటున్నాను.

రాతిబొమ్మ
పిన్ని గారు అసలు పాయింట్ పట్టుకున్నారు. గోదారిగట్టూ, వ్యాను, షిప్ టూరు అన్నది రెండో సంగతి. ఎక్కే టిక్కెట్టు ఉందా లేదా అన్నది మొదటిది.

ఆవరణ టిక్కెట్టు వేరు, కట్టడం మీదికి ఎక్కే టిక్కెట్టు వేరు. నేను వెళ్లినప్పుడు రోజుకి 1200 మందినే ఎక్కనిచ్చేవారు, గంటకి 150 మంది చొప్పున. అప్పుడు విదేశీయులకి 455000 రూపియా. సున్నాలు చూసి గుండె పట్టుకోకండి, మన డబ్బులో రెండున్నర వేలకి అటూ ఇటూ. ఆన్‌లైన్‌లో ముందే గంట ఎంచుకుని కొనాలి, అక్కడికెళ్లి కిటికీ దగ్గర అడిగితే ఆ గంట నిండిపోయి ఉండొచ్చు. సోమవారం మెయింటెనెన్స్ అని పైకి పంపేవారు కాదు, మీ షిప్ ఏ రోజు ఆగుతుందో చూసుకో. ఎక్కేవాళ్లకి వాళ్లే చెప్పులిస్తారు, చాప అల్లికలా ఉంటాయి, రాయి అరిగిపోకుండా. ఆ చెప్పుల పేరు "ఉపానత్". మన నిఘంటువులో ఉపానహం అన్నా చెప్పులే. గైడు ఆ మాట అనగానే నేను ఉలిక్కిపడ్డాను.

పైన ఉండేది గంటే. ఆ గంటలో అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేవు. శిల్ప ఫలకాలే 2672. తొమ్మిది అంతస్తులు, కింద ఆరు చతురస్రాలు, పైన మూడు వలయాలు. అందరూ సెల్ఫీ కోసం తిన్నగా పైకి, 72 చిల్లుల స్తూపాల దగ్గరికి పోతారు. నువ్వు మొదటి ప్రాకారంలో తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టి ఎడమకి తిరుగు, ప్రదక్షిణలాగే, గుడి కుడిచేతి వైపు ఉండాలి. అప్పుడు బుద్ధుడి కథ వరసలో వస్తుంది, మాయాదేవి కల, లుంబినికి బండి ప్రయాణం, ఇల్లు విడిచి గుర్రం మీద వెళ్లడం. 120 ఫలకాల్లో, ఆ కథ చెప్పే గ్రంథం లలితవిస్తరం మొత్తం. పై వరసలో అది నడుస్తుంటే కింది వరసలో వేరే కథలు నడుస్తుంటాయి, కలిపి చదివితే ఏమీ అర్థం కాదు. ఒక్క వరసే పట్టుకో.

లోపల దిక్కు తెలియకపోతే బుద్ధుడి చెయ్యి చూడు. కింది నాలుగు అంతస్తుల్లో, కుడిచెయ్యి నేలని తాకుతుంటే నువ్వు తూర్పున ఉన్నావు. అరచెయ్యి వరమిస్తున్నట్టు కిందికి ఉంటే దక్షిణం. ఒళ్లో రెండు చేతులుంటే పడమర. అభయహస్తమైతే ఉత్తరం. మీ మాస్టారు గారికి ఇది చెప్పు, పాపకి కూడా ఆటలా ఉంటుంది.

అత్తిలి అబ్బాయి
టిక్కెట్టు కొంటే చెప్పులు ఫ్రీయా? మన గుళ్లో చెప్పులు విడిస్తే మాయం, అక్కడ గుడివాళ్లే ఇస్తున్నారా!

రాతిబొమ్మ
ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో రెండు జతలున్నాయి.

ఓరుగల్లు
నాకొకటి అర్థం కాదు. బుద్ధుడి గుడి చూడాలంటే షిప్పెక్కి జావా పోవాలా? సూర్యాపేట జిల్లాలో ఫణిగిరి ఉంది, ఎంతమంది చూశారు ఇక్కడ చెప్పండి. నేలకొండపల్లి స్తూపం ఉంది. విశాఖలో తొట్లకొండ, బావికొండ సముద్రం పక్కనే. 455000 రూపియా ఏమో గానీ ఫణిగిరికి ఆర్టీసీ బస్సు చాలు.

పెసరట్టు
తొట్లకొండ నేను వంద సార్లు వెళ్లా. బీచి చూడటానికి.

రాతిబొమ్మ
ఓరుగల్లు గారి కోపం న్యాయమే. కానీ రెండూ కలిపి చూస్తే ఇంకా బాగుంటుంది. ఉదాహరణ చెప్తా. మాంధాత కథ తెలుసుగా, "మాంధాతా చ మహీపతిః" అని చిన్నప్పుడు బట్టీ పట్టిన ఆ మాంధాతే. బౌద్ధుల కథలో ఆయన చెయ్యెత్తితే ఆకాశం నుంచి నాణేల వాన కురుస్తుంది, చివరికి ఇంద్రుడి సింహాసనం మొత్తం తనకే కావాలని ఆశపడి కిందపడతాడు. ఆ చెయ్యెత్తిన రాజు, చదరపు నాణేల వాన మన జగ్గయ్యపేట ఫలకం మీద ఉన్నాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. అదే మాంధాత కథ బోరోబుదూర్ మొదటి ప్రాకారంలో, లలితవిస్తరం కింది వరసలో ఉంది. అది 8, 9 శతాబ్దాల్లో జావా ఏలిన శైలేంద్ర రాజుల కాలం. మన ఫలకం చూడాలంటే చెన్నై మ్యూజియం వెళ్లాలి, అమరావతి రాళ్లు కొన్ని చూడాలంటే లండన్. జావా వాళ్లవి జావాలోనే ఉన్నాయి, అదీ తేడా.

అవీ అన్నీ లేవులెండి. 504 బుద్ధ విగ్రహాల్లో మూడు వందలకి పైగా దెబ్బతిన్నవే, ఎక్కువ వాటికి తలలు లేవు. 1896లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు చులాలాంగ్‌కార్న్ వస్తే అప్పట్లో జావా ఏలిన డచ్చివాళ్లు ఎనిమిది బండ్ల శిల్పాలు కానుకగా ఇచ్చి పంపారు.

ఓరుగల్లు
జగ్గయ్యపేటది చెన్నైలో ఉందా? ఇది నిజంగా తెలియదు. సరే, ఫణిగిరి పోయొచ్చి జావా పోండి, నాకు అభ్యంతరం లేదు.

బెజవాడ బుల్లెట్
మనకీ షోర్ ఎక్స్‌కర్షన్, అదే ఒడ్డు టూరు, ఉంది బాబూ. నాగార్జునసాగర్‌లో లాంచి ఎక్కితే నాగార్జునకొండ ద్వీపంలో దింపుతారు, టైమిచ్చి రమ్మంటారు, రాకపోతే లాంచి వెళ్లిపోతుంది. మా బాబాయి ఒకసారి మ్యూజియం వెనకాల చెట్టు కింద పడుకుని లాంచి తప్పించుకున్నాడు. తర్వాతి దానికి సిబ్బందితో వచ్చాడు. కాబట్టి గోదారిగట్టు తమ్ముడూ, మన రక్తంలోనే ఉంది ఈ టెన్షన్.

గోదారిగట్టు
😀 మా ఆవిడకి చదివి వినిపించాను, నవ్వలేదు.

ఇప్పుడు అమ్మ సంగతి. మెట్లు ఎలా ఉంటాయి? ఇంకో మాట, వాళ్లు శాకాహారం. పులిహోర కట్టుకుని దిగొచ్చా?

లంగరు
పులిహోర దింపనివ్వరు, చాలా రేవుల్లో వండిన తిండి, పళ్లు బయటికి తీసుకెళ్లకూడదు. సీలు తీయని బిస్కెట్ ప్యాకెట్లు అయితే ఫర్వాలేదు.

కాగితాల సంగతి కూడా విను. ఇండియన్ పాస్‌పోర్టు కదా, ఇండోనేషియా వీసా ఎలా అని షిప్ వాళ్లని ముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకో. మామూలుగా వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రూపియా, ఐదుగురికి అది కూడా బడ్జెట్‌లో వేసుకో. పాస్‌పోర్టులు షిప్ వాళ్లు ఉంచుకుంటే జిరాక్సులు, ఫోనులో ఫోటోలు పెట్టుకో. రేవులో షిప్ కంపెనీ తరపున పోర్ట్ ఏజెంట్ ఉంటాడు, ఆయన నంబరు షిప్ ఇచ్చే రోజువారీ కాగితం మీద ఉంటుంది, ఫోటో తీసుకో. నిజంగా షిప్ తప్పితే నీకు దిక్కు ఆయనే. మీ తర్వాతి రేవు సురబయ అయితే అంత భయం కూడా లేదు, సెమరాంగ్ నుంచి రైలు ఉంది.

మడికట్టు
తిండి విషయంలో జాగ్రత్త, "వెజిటేరియన్" అంటే తల ఊపుతారు కానీ చట్నీల్లో రొయ్యల ముద్ద కలుపుతారు, తెరాసి అంటారు. "తెరాసి వద్దు" అని చెప్పించండి గైడుతో. తెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), తోఫు అన్ని చోట్లా దొరుకుతాయి. తెంపే వేయిస్తే మన సెనగపప్పు వడకి దూరపు చుట్టంలా ఉంటుంది, బెల్లం వేసినట్టు ఉండే సోయా సాస్ మాత్రం మా ఆయనకి ఎక్కలేదు.

సింగపూర్ పిన్ని
అమ్మగారిని ఎక్కించొద్దు బాబూ. మెట్లు నిటారుగా, ఒక్కోటి మోకాలెత్తు అనిపిస్తుంది. మేము కిందే ఉన్నాం కాబట్టి దిగేవాళ్ల మొహాలు చూశాను. ఎక్కేటప్పుడు అందరూ హుషారే.

ఆవిడకి మెందూత్ చూపించండి, బోరోబుదూర్‌కి మూడు కిలోమీటర్లే. చిన్న గుడి, కాసిని మెట్లే. లోపల మూడు మీటర్ల బుద్ధుడు, అటూ ఇటూ అవలోకితేశ్వరుడు, వజ్రపాణి అనే బోధిసత్వులు. బోరోబుదూర్‌లో గర్భగుడి అంటూ ఏమీ లేదు, మా అత్తగారు వచ్చి ఉంటే "ఇంతదూరం వచ్చి దేవుడేడీ" అని అడిగేవారు. మెందూత్‌లో ఆ ప్రశ్న రాదు.

పెన్షనర్
సరే, అన్నీ విన్నాక కూడా నేను షిప్ టూరే అంటాను. అయినా వెళ్తానంటే ఆ వ్యాను ఆయన చేత "షాపుల దగ్గర ఆపను" అని రాయించుకో. షిప్ తప్పితే తర్వాతి రేవుకి తన ఖర్చుతో చేరుస్తాడా అని అడుగు. కొందరు ఇస్తారు ఆ గ్యారంటీ.

గోదారిగట్టు
పెన్షనర్ గారూ, అదే అడిగాను. షాపులు వద్దు అంటే ఒప్పుకున్నాడు, గ్యారంటీ మాత్రం ఇవ్వలేనన్నాడు. ఇస్తానని చెప్పిన ఇంకో ఏజెన్సీ 210 డాలర్లు అంది. వాళ్లకే కట్టేశాను. ఎక్కే టిక్కెట్లు మూడు, నాకు, నాన్నకి, పాపకి. అమ్మ, మా ఆవిడ కింద. లోకల్ టైము 11 గంటల బ్యాచ్. మా షిప్ ఆగేది గురువారం, బతికిపోయాను. వెళ్లొచ్చి రాస్తా.

బెజవాడ బుల్లెట్
రాయకపోతే ఈత కొడుతున్నావని అర్థం చేసుకుంటాం.

గోదారిగట్టు
(ఆరు వారాల తర్వాత) ఈత కొట్టలేదు. వచ్చేశాం.

లంగరు అన్న చెప్పినట్టే గేటు దాటేసరికి షిప్ టైము 9:10. నాన్న తన పాత వాచీకి కీ ఇచ్చి షిప్ టైము పెట్టుకుని, దారి పొడుగునా డ్రైవరుకి చూపిస్తూనే ఉన్నారు. ఆయన పాపం ప్రతిసారీ నవ్వాడు. వెళ్లేటప్పుడు ట్రాఫిక్, మూడు గంటలకి ఇరవై నిమిషాలు తక్కువ. 11 బ్యాచ్‌కి ఏడెనిమిది నిమిషాల ముందు చేరాం. చెప్పులు మార్చుకుంటుంటే నా చేతులు వణికాయి, నిజం చెప్తున్నా.

పైకి వెళ్లే ముందు గైడు ఆగ్నేయ మూల కిందికి తీసుకెళ్లాడు. గుడి పునాది చుట్టూ తర్వాత రాళ్లు పేర్చి మూసేశారట, లోపల 160 ఫలకాలు కనపడకుండా ఉన్నాయి, ఆ మూల మాత్రం కొంచెం తెరిచి ఉంచారు. చేసిన కర్మకి వచ్చే ఫలం, అదీ వాటి కథ. ఒక ఫలకం మీద వికారమైన మొహాలు, పైన చిన్న అక్షరాలు. అవి చెక్కేవాళ్లకి గుర్తు కోసం రాసుకున్నవట. గైడు చదివాడు, "విరూప". నాన్న చెయ్యెత్తి ఆపారు ఆయన్ని. "మళ్లీ చదవండి." మళ్లీ చదివాడు. ఎవడో మేస్త్రీ పనివాడి కోసం రాతి మీద గీసుకున్న మాట, మాకు అనువాదం అక్కర్లేకపోయింది. అక్కడే ఆరేడు నిమిషాలు పోయాయి, నేను తొందరపెట్టలేదు.

పైన రాతిబొమ్మ గారి చిట్కా పాపకి తెగ నచ్చింది. ప్రతి మలుపులో "చెయ్యి నేల మీద! తూర్పు!" అని అరుపు. ఒకచోట బుద్ధుడికి తల లేదు, చేతులు ఒళ్లో ఉన్నాయి, "తల లేకపోయినా పడమర" అంది. పక్కన ఎవరో జపాను వాళ్లు మా వెనకాలే వచ్చి తనని చూసి తిరగడం మొదలుపెట్టారు. ఓడ ఫలకం దగ్గర, రెండు తెరచాపలు, పక్కకి తేలే చట్రం ఉన్న ఓడ, దాన్ని చూసి 2003లో నిజం ఓడ కట్టి ఘనా దాకా వెళ్లారని గైడు చెప్తే పాప "మన షిప్ కంటే ముందొచ్చిందా వెనకొచ్చిందా" అంది. నాన్న రెండో ప్రాకారం దాకా వచ్చి కూర్చుండిపోయారు. పై స్తూపాల దాకా నేనూ పాపే వెళ్లాం, మబ్బుగా ఉంది, మెరాపీ అగ్నిపర్వతం కనపడలేదు.

అమ్మ సంగతి. కింద ఎండలో గంటసేపు విసుక్కుంది. మెందూత్‌లో మాత్రం లోపలికి వెళ్లి పది నిమిషాలు రాలేదు. అక్కడ బుద్ధుడు పద్మాసనంలో ఉండడు, కాళ్లు కిందికి వేలేసి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటాడు. "మన అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా ఉన్నాడురా" అంది. బయట మర్రిచెట్టు కింద బిస్కెట్లు తిని బయల్దేరాం. షిప్ టైము 4:20కి గేటు దగ్గర ఉన్నాం.

షాపు దగ్గర ఆపొద్దని రాయించుకున్నాం కదా, దారిలో మా ఆవిడే ఆపించింది. బాతిక్. పన్నెండు నిమిషాలు, నాన్న వాచీ ప్రకారం.

పెసరట్టు
కొందా?

గోదారిగట్టు
రెండు చీరలంత గుడ్డ. అమ్మకి ఒకటి.

అత్తిలి అబ్బాయి
చెప్పులు తెచ్చారా?

గోదారిగట్టు
మూడు జతలు. నాన్నవి పుస్తకాల బీరువాలో ఉన్నాయి, తొడుక్కోనివ్వరు.

కొత్త మెంబరు 77
మొత్తం చదివాను. మాది ఇదే షిప్, కానీ సెమరాంగ్‌లో ఆగేది సోమవారం. ఏం చేయాలి?

బెజవాడ బుల్లెట్
ఫణిగిరి.